చట్టసభ: తెలుగు రాష్ట్రాల అనుభవం

ఒక దేశానికో రాష్ట్రానికో వర్తించే చట్టాలు చేయడానికి, ఉన్నవాటిని సవరించడానికి, అక్కర్లేనివాటిని రద్దు చేయడానికి అధికారం ఉన్న సభ చట్టసభ. పేరును బట్టి చూస్తే చట్టాలు చేయడమే దాని పని అనిపిస్తుంది. కానీ సభ సమయంలో ఎక్కువ భాగం మరో రెండు పనులకు పోతుంది. ఒకటి, ప్రభుత్వం పెట్టే ఖర్చుకు అనుమతి ఇవ్వడం. రెండోది, ప్రభుత్వం చేత జవాబు చెప్పించడం. బిల్లు రాసేది ఎలాగూ సచివాలయంలోనే. సంబంధిత శాఖ ముసాయిదా తయారుచేస్తుంది, న్యాయశాఖ భాష సరిచూస్తుంది, మంత్రివర్గం ఆమోదముద్ర వేస్తుంది. ఆ కాగితానికి చట్టబలం ఇచ్చేది మాత్రం సభ. ఇచ్చే ముందు ఎంతసేపు ఆపి ప్రశ్నించగలిగిందన్న దాన్ని బట్టే సభ బలాన్ని అంచనా వేయాలి. తెలుగు రాష్ట్రాల చట్టసభల చరిత్రలో ఆ ఆపే శక్తి అప్పుడప్పుడూ గట్టిగానే కనిపించింది. కనిపించని సందర్భాలే ఎక్కువ.

ఐస్‌లాండ్‌లోని ఆల్‌థింగ్ క్రీ.శ. 930లో మొదలైంది. నేటికీ ఉన్న చట్టసభల్లో అతి పాతదిగా దాన్ని చెబుతారు. ఆధునిక చట్టసభలు ప్రధానంగా రెండు దారుల్లో నడుస్తున్నాయి. అమెరికాలో అధ్యక్షుడు కాంగ్రెస్ సభ్యుడు కాడు. బిల్లు నచ్చకపోతే ఆయన తిప్పి పంపవచ్చు, ఉభయ సభలూ మూడింట రెండు వంతుల ఓట్లతో ఆ తిరస్కారాన్ని తోసిపుచ్చవచ్చు. బ్రిటన్ నుంచి మనకు వచ్చిన పద్ధతి ఇందుకు భిన్నం. మంత్రులు సభలోంచే వస్తారు, సభకు తమపై విశ్వాసం ఉన్నంతకాలమే కొనసాగుతారు. మెజారిటీ ఉన్న ప్రభుత్వం తెచ్చిన బిల్లు ఓడిపోవడం ఇక్కడ అరుదు. మంత్రులు కాని సభ్యులు తెచ్చే ప్రైవేటు బిల్లుల గతి చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. భారత పార్లమెంటు ఇంతవరకూ అలాంటివి 14 మాత్రమే ఆమోదించింది. చివరిది 1970 నాటిది.

మద్రాసు నుంచి వెలగపూడి దాకా

తెలుగువారి చట్టసభ అనుభవం మద్రాసులో మొదలైంది. 1861 నాటి కౌన్సిళ్ల చట్టంతో ఏర్పడిన మద్రాసు శాసనమండలి మొదట్లో గవర్నరు నియమించుకున్న కొద్దిమంది సలహాదారుల గుంపు. 1919 సంస్కరణల తర్వాత ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరిగి, కొన్ని శాఖలు మంత్రుల చేతికొచ్చాయి. కాళహస్తికి చెందిన పానగల్ రాజా పానగంటి రామారాయణింగారు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రధానమంత్రిగా ఉండి హిందూ ధర్మాదాయ చట్టాన్ని తెచ్చారు. 1937లో శాసనసభ, శాసనమండలి అనే రెండు సభలు ఏర్పడ్డప్పుడు శాసనసభ స్పీకరు స్థానంలో కూర్చున్నది బులుసు సాంబమూర్తి.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 140 మంది సభ్యుల ఆ చిన్న సభ ఒక ప్రభుత్వాన్ని పడగొట్టింది కూడా. మద్యనిషేధం విషయంలో రేగిన వివాదం అవిశ్వాస తీర్మానం దాకా వెళ్లి, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో ముఖ్యమంత్రులు దిగిపోయింది ఎక్కువగా అధిష్ఠానం మాట మీద, లేదా సొంత పార్టీలో తిరుగుబాటు వల్ల. సభలో లెక్కించిన ఓట్లతో దిగిపోయిన ప్రకాశం ఉదంతం అందుకే ప్రత్యేకంగా నిలిచింది.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అవతరించాక హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పాత టౌన్‌హాలు శాసనసభ భవనమైంది. అయ్యదేవర కాళేశ్వరరావు తొలి స్పీకరు. ఆ సభలో ఇప్పుడు చాలామందికి గుర్తులేని ఒక ఏర్పాటు ఉండేది. 371వ అధికరణ కింద 1958లో రాష్ట్రపతి జారీచేసిన ఉత్తర్వుతో తెలంగాణ శాసనసభ్యులతో ఒక ప్రాంతీయ సంఘం ఏర్పడింది. స్థానిక పాలన, వ్యవసాయం, విద్య వంటి నిర్దిష్ట విషయాల్లో తెలంగాణకు సంబంధించిన బిల్లులు దాని ముందుకు వెళ్లాలి. సంఘానికీ ప్రభుత్వానికీ అభిప్రాయం కలవకపోతే గవర్నరు మాటే అంతిమం. ఒకే సభలో ఒక ప్రాంతానికి విడిగా గొంతు ఇచ్చిన ఈ ప్రయోగం 1969, 1972 ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంతో ముగిసింది. అది సరిగ్గా పనిచేసి ఉంటే తర్వాతి చరిత్ర వేరుగా ఉండేదని వాదించేవారున్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, సభలో సంఖ్య తక్కువున్న ప్రాంతానికి కమిటీ ద్వారా రక్షణ ఇవ్వాలన్న ఆలోచన మాత్రం తీసిపారేయదగింది కాదు.

2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. హైదరాబాదు భవనంలోనే కొంతకాలం రెండు సభలూ విడివిడిగా కూర్చున్నాయి. 2017 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ సభ అమరావతి ప్రాంతంలోని వెలగపూడిలో కట్టిన తాత్కాలిక భవనంలో సమావేశమవుతోంది.

సభలో ఎవరుంటారు

రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర శాసనవ్యవస్థ అంటే గవర్నరు, శాసనసభ, కొన్ని రాష్ట్రాల్లో శాసనమండలి కలిసి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175, తెలంగాణలో 119 స్థానాలున్నాయి. ఆంగ్లో ఇండియన్ల నుంచి ఒకరిని నియమించే పద్ధతి 2020లో ఆగిపోయింది. పోటీ చేయాలంటే శాసనసభకు 25 ఏళ్లు, మండలికి 30 ఏళ్లు నిండాలి. సభ జరగాలంటే కనీసం పదిమంది, లేదా మొత్తంలో పదో వంతు, ఏది ఎక్కువైతే అంతమంది హాజరై ఉండాలి. లెక్క వేస్తే వెలగపూడిలో 18, హైదరాబాదులో 12. ఇంత తక్కువ కోరం కూడా లేక బెల్లు మోగించి సభ్యులను పిలిపించాల్సి రావడం అసెంబ్లీ రిపోర్టర్లకు తెలియని విషయం కాదు.

మండలి నిర్మాణం కాస్త చిక్కుగా ఉంటుంది. మూడో వంతు సభ్యులను స్థానిక సంస్థల ప్రతినిధులు, మరో మూడో వంతును ఎమ్మెల్యేలు, పన్నెండో వంతు చొప్పున పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన ఆరో వంతును గవర్నరు నియమిస్తారు. మండలి బలం శాసనసభలో మూడో వంతుకు మించకూడదు, అయితే 40కి తగ్గనూ కూడదు. తెలంగాణలో 119లో మూడో వంతు నలభైకి అడుగు దూరంలో ఆగిపోతుంది కాబట్టి కనిష్ఠ సంఖ్యే వర్తించి 40 వచ్చింది. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది. మండలి రద్దు కాని సభ, రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు విరమిస్తారు. దేశంలో ఇప్పుడు మండలి ఉన్నవి ఆరు రాష్ట్రాలే.

మండలి కథ

"రద్దు కాని సభ" అన్నది సాంకేతికంగా నిజమే గానీ, తెలుగు నేల మీద మండలి పుట్టి, పోయి, మళ్లీ పుట్టి, మరోసారి పోబోయి బతికింది. 1958 జూలైలో ఏర్పడింది. 1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యేనాటికి మండలిలో ఆధిక్యం కాంగ్రెస్‌ది. ప్రభుత్వ బిల్లులకు అక్కడ అడ్డంకులే. శాసనసభ రద్దు తీర్మానం చేసింది. అయితే 169వ అధికరణ ప్రకారం శాసనసభ అడగగలదు తప్ప రద్దు చేయలేదు, చట్టం చేయాల్సింది పార్లమెంటు. ఆ పని పూర్తయి 1985 జూన్ 1న మండలి రద్దయింది. రెండు దశాబ్దాల తర్వాత కాంగ్రెస్ ప్రభుత్వం కోరగా 2007 మార్చిలో పునరుద్ధరణ జరిగింది.

1985 రద్దుకు ముందు మండలి మరో గొడవకూ కేంద్రమైంది. 1983 మార్చిలో మండలి సమావేశంపై ఈనాడు పెట్టిన 'పెద్దల గలభా' అన్న శీర్షికను సభ్యులు హక్కుల ఉల్లంఘనగా తీసుకున్నారు. మరుసటి ఏడాది ఆ పత్రిక ప్రధాన సంపాదకుడు రామోజీరావు అరెస్టు ఉత్తర్వుల దాకా వెళ్లింది, సుప్రీంకోర్టు ఆపింది. చట్టసభల హక్కులను 194వ అధికరణ చెబుతుంది గానీ వాటిని వివరంగా నిర్వచించే చట్టం చేసుకోవడానికి సభలు ఇప్పటికీ ముందుకు రాలేదు. నిర్వచిస్తే హద్దులూ ఏర్పడతాయి కదా.

రెండో సభ ఎంతవరకు ఆపగలదో 2020 చూపించింది. మూడు రాజధానులకు సంబంధించిన రెండు బిల్లులను ఆంధ్రప్రదేశ్ శాసనసభ జనవరి 20న ఆమోదించింది. మండలిలో అప్పుడు తెలుగుదేశం బలమే ఎక్కువ. జనవరి 22న ఛైర్మన్ తన విచక్షణతో ఆ బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపారు. వారం తిరక్కుండానే, 27న, శాసనసభ మండలి రద్దుకు తీర్మానం చేసింది. కానీ ప్రభుత్వానికి అసలు దారి 197వ అధికరణలోనే ఉంది. మండలి మూడు నెలల్లో బిల్లును ఆమోదించకపోతే శాసనసభ మళ్లీ ఆమోదించి పంపవచ్చు. రెండోసారి నెల దాటితే ఉభయ సభలూ ఆమోదించినట్టే. జూన్ 16న శాసనసభ రెండోసారి ఆమోదించింది, మర్నాడు మండలి వాటిని చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది, నెల గడిచింది, జూలై 31న గవర్నరు సంతకం చేశారు. అంటే మండలి చేయగలిగింది ఆరు నెలల ఆలస్యం. ఆ ఆరు నెలలను వృథా అనుకోవాలా? ఆ చట్టాలను 2021 నవంబరులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు, రాజధానిని మార్చే శాసనాధికారం రాష్ట్ర చట్టసభకు లేదని తీర్పు చెప్పింది. తొందరపడొద్దని చెప్పడమే రెండో సభ పని అనుకుంటే, ఆ జనవరిలో అది తన పనే చేసింది. మండలిలో అధికారపక్షం బలం పెరిగాక, 2021 నవంబరులోనే, రద్దు తీర్మానాన్ని కూడా శాసనసభ ఉపసంహరించుకుంది.

బిల్లు నడిచే దారి

బిల్లును మంత్రి సభలో ప్రవేశపెడతారు, సభ్యులకు ప్రతులు అందుతాయి. తర్వాత సాధారణ చర్చ, ఆ పైన ఒక్కో క్లాజు మీద పరిశీలన, సవరణలుంటే వాటి మీద ఓటింగు, చివరగా మొత్తం బిల్లుకు ఆమోదం. "అనుకూలురు అవును అనండి" అని స్పీకరు అడగడం, ఏ పక్షం గొంతు పెద్దదో విని "ఆమోదించడమైనది" అనడం మూజువాణి ఓటు. ఎవరైనా పట్టుబడితే డివిజన్ జరిపి తలలు లెక్కిస్తారు. పుస్తకంలో ఇన్ని దశలున్నా ఆచరణలో ఇవన్నీ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంటాయి. ఊళ్లలో ఇంటింటికీ సంబంధించిన భూమి హక్కుల చట్టాన్నే చూడండి. తెలంగాణలో పట్టాదారు పాసుపుస్తకాల కొత్త చట్టాన్ని 2020 సెప్టెంబరులో సభ ముందు పెట్టి రెండు రోజుల్లో శాసనసభ ఆమోదం పొందారు. ధరణి పోర్టల్ దానితోనే వచ్చింది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన భూభారతి బిల్లూ 2024 డిసెంబరులో అంత వేగంగానే గట్టెక్కింది. నాలుగేళ్లలో ఒకే విషయంపై రెండు చట్టాలు వచ్చాయంటే మొదటిసారి చూడాల్సినంత చూడలేదనే అర్థం. బిల్లులను కమిటీలకు పంపి, రైతులనూ అధికారులనూ పిలిచి వినే అలవాటు ఉంటే ఈ పరిస్థితి తప్పేది. కేరళ 1980లోనే విషయ కమిటీలు పెట్టుకుంది, పార్లమెంటులో 1993 నుంచి శాఖల స్థాయీ సంఘాలున్నాయి.

చట్టం చేయడంతో కథ ముగియదు. చాలా చట్టాల్లో అసలు వివరాలను "నిర్ణయించిన రీతిలో" అని వదిలేస్తారు. దరఖాస్తు ఎవరికివ్వాలి, ఎన్ని రోజుల్లో తేల్చాలి, రుసుము ఎంత అన్నవి తర్వాత నిబంధనల రూపంలో గెజిట్‌లో వస్తాయి. భూభారతి చట్టం అమలు కూడా నిబంధనలు తయారయ్యాక, 2025 ఏప్రిల్ 14న మొదలైంది. తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడ్డ రైతుకు ఎదురయ్యేవి ఈ నిబంధనలే. వాటిని సభ ముందు ఉంచాలని చట్టమే చెబుతుంది, చదివే సభ్యులు మాత్రం తక్కువ.

సభలు ఆమోదించిన బిల్లుకు గవర్నరు సమ్మతి కావాలి. ఆయన సంతకం చేయవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతి కోసం అట్టిపెట్టవచ్చు. ఎంతకాలంలో అన్నది 200వ అధికరణ చెప్పలేదు. బిల్లులు రాజ్‌భవన్‌లో ఆగిపోయాయని 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. వీలైనంత త్వరగా తేల్చాలన్న రాజ్యాంగం మాటను ఆ కేసులో కోర్టు గుర్తుచేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో కోర్టు గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి అడిగిన సలహాకు బదులిస్తూ అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కోర్టులు గడువులు విధించలేవని, కారణం లేని సుదీర్ఘ జాప్యాన్ని మాత్రం పరిమితంగా ప్రశ్నించవచ్చని చెప్పింది.

ఉమ్మడి జాబితాలోని విషయంపై కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేస్తే, అది నిలవడానికి రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. మహిళలపై నేరాలకు త్వరగా శిక్ష పడాలంటూ 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లుకు ఆ ఆమోదం రాలేదు. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు తెరిచారు, యాప్ వచ్చింది. చట్టం మాత్రం రాలేదు.

సభ లేనప్పుడు గవర్నరు ఆర్డినెన్సు జారీ చేస్తారు. సభ తిరిగి సమావేశమయ్యాక ఆరు వారాల్లో దాన్ని ఆమోదించుకోకపోతే అది చెల్లదు. సభను పిలవకుండా ఒకే ఆర్డినెన్సును మళ్లీ మళ్లీ జారీ చేయడం రాజ్యాంగానికి మోసమని 1986లో బీహారు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని తగ్గిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆర్డినెన్సును హైకోర్టు మే నెలలో కొట్టివేసింది.

పద్దులు, జీతాలు

పన్ను వేయాలన్నా, సంచిత నిధిలోంచి పైసా తీయాలన్నా సభ అనుమతి ఉండాల్సిందే. ఆర్థికమంత్రి బడ్జెట్ ప్రవేశపెట్టాక శాఖలవారీగా పద్దులపై చర్చ జరుగుతుంది. ప్రతిపక్షం కోత తీర్మానాలు ఇస్తుంది. కేటాయించిన రోజులు అయిపోతే మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటుకు పెడతారు, దీన్ని గిలెటిన్ అంటారు. వేల కోట్ల పద్దులు ఇలా నిమిషాల్లో దాటిపోతాయి. ఆ తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందితేనే ట్రెజరీ డబ్బు విడుదల చేస్తుంది. ద్రవ్య బిల్లులను మండలి 14 రోజులకు మించి ఆపలేదు. పైన చెప్పిన 2020 జూన్ 17న మండలి రాజధాని బిల్లులతోపాటు ద్రవ్య వినిమయ బిల్లునూ ఆమోదించకుండానే వాయిదా పడింది. ప్రభుత్వం పద్నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ జూలైలో ఉద్యోగులకు జీతాలు కొన్ని రోజులు ఆలస్యంగా పడ్డాయి.

ఖర్చు చేశాక లెక్క చూసేది ప్రజాపద్దుల సంఘం. కాగ్ నివేదికలను అది పరిశీలిస్తుంది. దాని అధ్యక్షపదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024లో ఈ ఆనవాయితీ రెండు రాష్ట్రాల్లోనూ వివాదంలో పడింది. తెలంగాణలో బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్‌కు దగ్గరైన సభ్యుడికి, ఆంధ్రప్రదేశ్‌లో అధికార కూటమిలోని జనసేన సభ్యుడికి ఆ పదవి దక్కింది. ఖర్చు పెట్టేవారి పక్షమే లెక్క చూసేచోట కూర్చుంటే ఆ సంఘం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ప్రశ్న, బహిష్కరణ, ఫిరాయింపు

సభ ఉదయం ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. సిద్ధం చేసిచ్చిన జవాబు మంత్రి చదవగలరు, అనుబంధ ప్రశ్నకు మాత్రం విషయం తెలిసుండాలి. మంత్రి సత్తా అక్కడే బయటపడుతుంది. తర్వాత జీరో అవర్, స్వల్పకాలిక చర్చలు. ప్రతిపక్షం ఇచ్చే వాయిదా తీర్మానాన్ని స్పీకరు తిరస్కరించడం, పోడియం చుట్టుముట్టడం, సస్పెన్షన్లు, మార్షల్స్ రావడం టీవీల్లో అందరూ చూసేదే. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండకూడదన్నదే రాజ్యాంగం పెట్టిన షరతు. చాలా రాష్ట్రాల సభలు ఏడాదికి ముప్పై రోజులైనా కూర్చోవడం లేదు.

దీనికి తోడు బహిష్కరణ. ఆంధ్రప్రదేశ్‌లో ఫిరాయింపులకు నిరసనగా 2017 చివరి నుంచి నాటి ప్రతిపక్షం వైసీపీ సభకు రాలేదు. 2021 నవంబరులో ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చెప్పి వెళ్లిపోయారు, 2024లో అలాగే వచ్చారు. ఆ ఎన్నికల్లో 175లో 11 స్థానాలకు పరిమితమైన వైసీపీ, ప్రతిపక్ష నాయకుడి హోదా కోసం హైకోర్టుకు వెళ్లి, సభకు దూరంగా ఉంటోంది. అనుమతి లేకుండా అరవై రోజులు రాకపోతే స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు, అంతదాకా వెళ్లడం అరుదు. ఎవరి కారణాలు వారికున్నా, ప్రతిపక్షం లేని సభలో అనుబంధ ప్రశ్న అడిగేది అధికారపక్షమే.

మెజారిటీ ఎవరిదో సభలోనే తేలాలన్న సూత్రానికి కూడా తెలుగువారి అనుభవం ఉంది. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్, సభలో బలం చూపించుకునే అవకాశం ఇవ్వకుండానే ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. ఎమ్మెల్యేలను రాష్ట్రపతి ముందు నిలబెట్టి, నెల రోజుల పోరాటం తర్వాత రామారావు తిరిగి ప్రమాణం చేశారు. బలపరీక్షకు సభే వేదిక అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

1985లో వచ్చిన పదో షెడ్యూలు పార్టీ మారినవారిని అనర్హులను చేస్తుంది. తేల్చాల్సింది స్పీకరు. స్పీకరు అధికారపక్షం నుంచే వస్తారు కాబట్టి పిటిషన్లు ఏళ్ల తరబడి పెండింగులో ఉంటాయి. 2014-19 సభలో వైసీపీ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, వారిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019లో తెలంగాణలో కాంగ్రెస్ సభ్యుల్లో మూడింట రెండు వంతుల సంఖ్య చూపి పన్నెండుమంది విలీనం పేరుతో టీఆర్‌ఎస్ (నేటి బీఆర్‌ఎస్)లో కలిశారు. 2023 ఎన్నికల తర్వాత అదే దృశ్యం పార్టీలు తారుమారై నడిచింది. బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలపై పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకరును ఆదేశించింది.

రాష్ట్ర సభ హద్దు

రాష్ట్ర చట్టసభ తన ఉనికినే తాను కాపాడుకోలేదు. 2013 డిసెంబరులో రాష్ట్రపతి పంపిన పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. మూడో అధికరణ ప్రకారం సభ ఇచ్చేది అభిప్రాయం మాత్రమే. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. మైనారిటీగా ఉన్న తెలంగాణ సభ్యులు ఆ సభలో ఎప్పటికీ గెలవలేని ఓటును పార్లమెంటు గెలిపించింది. అదే ఓటు మెజారిటీ ప్రాంతపు సభ్యులకు తమ సభ మాట చెల్లలేదన్న బాధను మిగిల్చింది.

ఆ చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుంచి 225కు, తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచుతామంది, అయితే 170వ అధికరణకు లోబడి. ఆ అధికరణ ప్రకారం 2026 తర్వాతి తొలి జనాభా లెక్కలు వచ్చేదాకా స్థానాల సంఖ్య మారదు. ముందే పెంచాలన్న పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2023లో వచ్చిన 106వ సవరణ మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. దాని అమలునూ జనాభా లెక్కలకు, ఆ తర్వాత జరిగే నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు.